బారికేడ్ దాకా వెళ్లకముందే చెప్పాలి



ఆషాఢంలో లష్కర్ బోనాలు దగ్గరపడ్డాయంటే సికింద్రాబాద్ వాళ్లకు రెండు సంగతులు గుర్తుకొస్తాయి. ఉజ్జయిని మహంకాళి అమ్మవారికి ఆదివారం బోనాలు, సోమవారం భవిష్యవాణి వినిపించే రంగం. ఇది మొదటిది. ఆ రెండు రోజులూ గుడి చుట్టుపక్కల రోడ్లు మూసేస్తారన్నది రెండోది. పోలీసులు ముందుగానే ప్రకటన ఇస్తారు. పత్రికలు దాన్ని ‘ట్రాఫిక్ ఆంక్షలు’ అనే శీర్షిక కింద వేస్తాయి. కర్బలా మైదాన్ వైపు నుంచి స్టేషన్‌కు వెళ్లేవాళ్లు రాణిగంజ్ దగ్గర మినిస్టర్ రోడ్డులోకి తిరగాలి, అక్కడి నుంచి రసూల్‌పురా, సీటీఓ, వైఎంసీఏ, సెయింట్ జాన్స్ రోటరీ మీదుగా వెళ్లాలి అని అందులో ఉంటుంది. రైలెక్కాల్సిన వాళ్లు ఇంటి నుంచి ముందే బయల్దేరాలని, ఒకటో నంబరు ప్లాట్‌ఫారం వైపు కాకుండా చిలకలగూడ మీదుగా పదో నంబరు వైపు రావాలని కూడా ఉంటుంది.

ఎంతో శ్రద్ధగా తయారుచేసే ప్రకటన అది. ఏ వీధిలో జనం ఎంత ఉంటారో, ఏ మలుపులో బస్సు తిరుగుతుందో లేదో ఏళ్ల తరబడి రోడ్డు మీద నిలబడి చూసినవాళ్లు మాత్రమే అలా రాయగలరు. అయితే అది పొద్దున ఇంట్లో పేపరు చదివేవాళ్లకు చేరుతుంది. దానితో అసలు అవసరం ఉన్నవాళ్లు వేరే ఉన్నారు. సాయంత్రం నల్గొండ నుంచి కారులో వచ్చి ట్యాంక్‌బండ్ దిగుతున్న కుటుంబం ఉంది. వాళ్ల రైలుకు ఇంకా నలభై నిమిషాలే ఉంది. వెనక సీట్లో ఒక పెద్దావిడ, డిక్కీలో మూడు సూట్‌కేసులు. రాణిగంజ్ దాకా వచ్చాక బారికేడ్ కనిపిస్తుంది. అక్కడున్న కానిస్టేబుల్ చెయ్యి చూపిస్తాడు. ఎటు పోవాలని అడిగేలోపు వెనక నుంచి హారన్లు మొదలవుతాయి. ఆయన ఒక్కడే, వాహనాలు వందలు. చెప్పే ఓపిక ఆయనకున్నా వినేంత వ్యవధి డ్రైవరుకు ఉండదు.

ఇదే కారుకు రాణిగంజ్ కంటే ముందే, ట్యాంక్‌బండ్ మీద ఉండగానే, ఒక వెలుగు బోర్డు కనిపించిందనుకోండి. ‘స్టేషన్‌కు ఈ దారి మూసివేత. పదో ప్లాట్‌ఫారానికి కవాడిగూడ, చిలకలగూడ మీదుగా’. అంతే. ఆ కుటుంబం కుడివైపు తిరిగి ముషీరాబాద్ పక్క నుంచి రైలు అందుకుంటుంది. రాణిగంజ్ దగ్గర ఒక కారు తగ్గుతుంది. ఇలా వంద కార్లు తగ్గితే ఆ కానిస్టేబుల్‌కు ఊపిరాడుతుంది.

ఎప్పటికప్పుడు రాత మారే డిజిటల్ బోర్డుల గురించి ఈరోజు మీతో మాట్లాడాలనుకున్నది ఇందుకే. నగరాల్లో ట్రాఫిక్ సాఫీగా సాగడానికి ఈ బోర్డులు పనికొస్తాయని ప్రపంచంలో చాలా చోట్ల ఒప్పుకున్నారు. సికింద్రాబాద్‌కు ఇవి అంతకంటే ఎక్కువగా, వేరే కారణంతో అవసరమని నా నమ్మకం. చాలా నగరాల్లో రద్దీ ఎక్కడుందో కనిపెట్టడమే పెద్ద పని. మన దగ్గర రోడ్డు ఎందుకు మూశారో, ఎప్పుడు తెరుస్తారో ఎవరో ఒకరికి ముందే తెలిసి ఉంటుంది. బోనాల సంగతి పోలీసులకు తెలుసు. పరేడ్ గ్రౌండ్స్‌లో అవతరణ దినోత్సవమో, గాలిపటాల పండుగో, పెద్ద బహిరంగ సభో ఉంటే, అటూ ఇటూ రోడ్లు ఏ గంటకు మూస్తారో అధికారులకు తెలుసు. కంటోన్మెంట్‌లో ఏ గేటు ఎప్పుడు వేస్తారో సైన్యానికి తెలుసు. రైళ్లు ఎప్పుడు వచ్చి వేల మందిని స్టేషన్ బయటికి వదులుతాయో రైల్వేకు తెలుసు. ఇవేవీ తెలియనిది స్టీరింగు పట్టుకున్న మనిషి ఒక్కడికే.

సికింద్రాబాద్ రోడ్లు ఇలా ఎందుకు ఉన్నాయో కాస్త చెప్పుకోవాలి. లేకపోతే బోర్డులు ఎక్కడ పెట్టాలన్నది అర్థం కాదు. ఈ ఊరు బ్రిటిష్ సేనల శిబిరంగా పుట్టింది. 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు పెట్టారు. ఇప్పటికీ లష్కర్, అంటే సైన్యం, అని పిలుస్తున్నది ఆ శిబిరం వల్లే. దక్షిణాన హుస్సేన్ సాగర్ అడ్డం. ఉత్తరాన కంటోన్మెంట్ విస్తరించింది. 1874లో వాడి నుంచి నిజాం రైలు మార్గం వచ్చాక ఊరి నడుమ పట్టాలు పడ్డాయి. జేమ్స్ స్ట్రీట్, కింగ్స్‌వే అని ఆనాడు పిలిచిన వీధులే ఈనాటి మహాత్మాగాంధీ రోడ్డు, రాష్ట్రపతి రోడ్డు. వాటిని గుర్రపు బండ్ల కాలంలో వేశారు. 1897లో గడియార స్తంభం ప్రారంభించిన నాటికి ఊరి రూపురేఖలు దాదాపు ఖాయమైపోయాయి. చెరువు, రైలు పట్టాలు, సైన్యం భూములు, ఈ మూడింటి మధ్య నుంచి మనం ఇవాళ లక్షల వాహనాలు నడుపుతున్నాం.

పట్టాలు దాటాలంటే ఆలుగడ్డ బావి దగ్గరో, చిలకలగూడ దగ్గరి ఒలిఫెంటా బ్రిడ్జి కిందో, ఇంకా ఒకటి రెండు చోట్లో మాత్రమే వీలు. చెరువు దాటాలంటే ట్యాంక్‌బండ్, లేదంటే నెక్లెస్ రోడ్డు. కంటోన్మెంట్ దాటే దారుల సంగతి సైనిక్‌పురి, యాప్రాల్, మల్కాజిగిరి వైపు ఉండేవాళ్లను అడగండి. అక్కడి రోడ్లు కొన్నిటిని సైన్యం భద్రత కోసం మూసేయడం, జనం ఆందోళన చేయడం ఏళ్ల పాటు నడిచింది. 2018 మేలో రక్షణ శాఖ దేశమంతటా కంటోన్మెంట్ రోడ్లు తెరవాలని ఆదేశించే దాకా వచ్చింది. సైన్యానికి దాని కారణాలు దానికి ఉంటాయి. నేను వాటి జోలికి పోవడం లేదు. గేటు వేసి ఉందన్న మాట గేటు ముందు కాకుండా రెండు కిలోమీటర్ల ముందే తెలియాలన్నదే నా మాట.

ఇప్పుడు ఈ బోర్డులు ఎలా పనిచేస్తాయో చూద్దాం. స్తంభం మీద ఎల్‌ఈడీ దీపాలతో చేసిన పలక ఉంటుంది. అది కంట్రోల్ రూముతో కలిపి ఉంటుంది. రోడ్డు మీది కెమెరాలు, సిగ్నళ్ల దగ్గరి సెన్సర్లు, మన జేబుల్లోని ఫోన్లు ఇచ్చే వేగాల సమాచారం, పోలీసుల వైర్‌లెస్ కబుర్లు, ఇవన్నీ ఆ గదికి చేరతాయి. అక్కడ ఒక మనిషో, ఒక ప్రోగ్రామో ఏ బోర్డు మీద ఏ మాట రావాలో నిర్ణయిస్తారు. హైదరాబాద్‌లో ఈ ఏర్పాట్లకు కావలసిన పునాది చాలావరకు ఉంది. సిగ్నళ్లను కంప్యూటర్‌తో కలిపే పథకం పదేళ్ల కిందటే రెండు వందలకు పైగా కూడళ్లలో మొదలైంది. బంజారాహిల్స్‌లో పోలీసుల కమాండ్ కంట్రోల్ సెంటర్ 2022 ఆగస్టు 4న ప్రారంభమైంది. నగరంలోని కెమెరాల దృశ్యాలు అక్కడి గోడల మీద కనిపిస్తాయి. సిగ్నళ్ల సమయాలు సవరించే గూగుల్ గ్రీన్‌లైట్ ప్రయోగంలో హైదరాబాద్ కూడా ఉంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద, నగరంలో కొన్ని చోట్ల, రాత మారే బోర్డులు ఇప్పటికే నిలబడి ఉన్నాయి. అంటే ఈ నగరానికి చూసే కళ్లు వచ్చాయి, చెప్పే నోరే ఇంకా పూర్తిగా రాలేదు.

ఆ ఉన్న బోర్డుల మీద ఏం కనిపిస్తుందో గమనించండి. హెల్మెట్ పెట్టుకోండి, సీటు బెల్టు పెట్టుకోండి, వేగం కన్నా ప్రాణం మిన్న. ఇవన్నీ నిజమే. నేనూ ఒప్పుకుంటాను. కానీ రోజూ అవే మాటలు కనిపించే బోర్డును మనిషి చూడడం మానేస్తాడు. ఆ తర్వాత ఏదో ఒకరోజు అదే బోర్డు మీద ‘ముందు రోడ్డు మీద నీళ్లు’ అని నిజంగా అవసరమైన మాట వచ్చినా చూపు అటు పోదు.

ఈ విషయంలో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన మన అధికారులు తప్పక చదవాల్సింది. టెక్సస్ రాష్ట్రంలో హైవేల మీద ఉన్న 880 డిజిటల్ బోర్డులను అందులో పరిశీలించారు. 2012 నుంచి అక్కడ నెలలో ఒక వారం పాటు, ఆ ఏడాది అప్పటివరకు రోడ్డు ప్రమాదాల్లో ఎంతమంది చనిపోయారో ఆ సంఖ్యను బోర్డుల మీద చూపించారు. భయపెడితే జాగ్రత్తగా నడుపుతారని ఆశ. 2022లో ‘సైన్స్’ పత్రికలో ఇద్దరు పరిశోధకులు దాని ఫలితం ప్రచురించారు. ఆ సంఖ్య చూపించిన వారాల్లో బోర్డు దాటాక పది కిలోమీటర్ల లోపు ప్రమాదాలు తగ్గకపోగా 4.5 శాతం పెరిగాయి. ఆ అంకె మనసులో గుచ్చుకుని, ఆ కొన్ని క్షణాలు డ్రైవరు దృష్టి రోడ్డు మీద నుంచి మళ్లిపోతుందని వాళ్లు వివరించారు. రోడ్డు క్లిష్టంగా ఉన్నచోట నష్టం ఇంకా ఎక్కువ. ప్యారడైజ్ కూడలి కన్నా, సంగీత్ చౌరస్తా కన్నా క్లిష్టమైన చోటు ఎక్కడుంటుంది? అక్కడ బోర్డు మీద నీతి వాక్యం రాయడం మంచి ఉద్దేశంతో చేసినా మంచి పని కాదు. చెప్పాల్సింది ఏమీ లేనప్పుడు బోర్డు నల్లగా, ఖాళీగా ఉండాలి. బోర్డు వెలిగిందంటే ఏదో జరిగింది అని జనానికి అలవాటు కావాలి.

బోర్డు వల్ల రద్దీ ఎలా తగ్గుతుంది అని కొందరు అడుగుతారు. రోడ్డు వెడల్పు పెరగదు కదా అంటారు. నిజమే, పెరగదు. అయితే రద్దీ అంతా రోడ్డు చాలక వచ్చేది కాదు. 2008లో జపాన్ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న ఒక వలయంలో 22 కార్లు పెట్టి, అందరినీ ఒకే వేగంతో తిరగమన్నారు. సిగ్నల్ లేదు, గుంత లేదు, అడ్డం వచ్చే మనిషి లేడు. అయినా కొద్దిసేపటికే ఒకచోట కార్లు ఆగిపోయి జామ్ తయారైంది. అది వెనక్కి వెనక్కి జరుగుతూ వలయమంతా తిరిగింది. ఒకరు కాస్త ఎక్కువ బ్రేకు వేస్తే వెనకవాడు ఇంకాస్త ఎక్కువ వేస్తాడు, ఆ వెనకవాడు పూర్తిగా ఆపేస్తాడు. వాహనాలు ఒక హద్దు దాటి చిక్కబడితే రోడ్డు మోయగలిగినంత కూడా మోయదు. అందుకే లండన్ చుట్టూ ఉన్న ఎం25 రహదారి మీద 1995 నుంచి రద్దీ పెరిగే వేళల్లో బోర్డుల మీద వేగ పరిమితి తగ్గించి చూపడం మొదలుపెట్టారు. అందరూ కాస్త నెమ్మదిగా, ఒకే వేగంతో పోతే ఆగిపోవడాలు తగ్గుతాయి. నెమ్మదిగా పోయినవాళ్లే ముందు చేరతారు.

సికింద్రాబాద్‌లో ఎం25 లాంటి రోడ్డు లేదు. మనకు పనికొచ్చేది దాని వెనకున్న సూత్రం. ప్యారడైజ్ దగ్గర ఇప్పటికే నిండిపోయిన చోటికి కొత్తగా వచ్చే వాహనాల్లో పదో వంతును మళ్లించినా చాలు, మిగతా తొమ్మిది వంతులు కదులుతాయి. అందరినీ మళ్లించాల్సిన పని లేదు. అసలు అందరినీ మళ్లించకూడదు కూడా.

ఇక్కడే బాగా ఆలోచించాల్సిన సంగతి ఒకటి ఉంది. చెరువు, పట్టాలు, కంటోన్మెంట్ వల్ల మనకు ప్రత్యామ్నాయ దారులు తక్కువ అని చెప్పుకున్నాం. మెట్టుగూడ వైపు నుంచి వచ్చేవాళ్లకు ‘ముందు రద్దీ, ఆలుగడ్డ బావి దారిలో వెళ్లండి’ అని బోర్డు చెప్పిందనుకోండి. అందరూ ఆ మాట వింటే పది నిమిషాల్లో ఆలుగడ్డ బావి వంతెన కింద జామ్ అవుతుంది. అప్పుడు బోర్డు మాట మారుతుంది. మళ్లీ అందరూ ఇటు వస్తారు. ఫోన్లలోని మ్యాపులు చూసి అందరూ ఒకే గల్లీలోకి దూరడం మనం రోజూ చూస్తున్నాం. పద్మారావునగర్ గల్లీల్లో, మారేడ్‌పల్లి ఇళ్ల మధ్య ఉండేవాళ్లకు ఆ హారన్ల బాధ తెలుసు. అందుకే బోర్డు ఆజ్ఞలా కాకుండా వివరంలా చెప్పాలి. ‘స్టేషన్‌కు: చిలకలగూడ మీదుగా 12 నిమిషాలు, సంగీత్ మీదుగా 20 నిమిషాలు’ అని చూపిస్తే తొందర ఉన్నవాడు ఒక దారి, ఆ దారి పరిచయం లేనివాడు ఇంకో దారి ఎంచుకుంటారు. వాహనాలు వాటంతట అవే దారులను పంచుకుంటాయి. వాహనాలు ఎటు మళ్లాయో అటు సిగ్నల్‌లో పచ్చ దీపం సమయం కూడా అదే నిమిషంలో పెరగాలి. సిగ్నళ్లు చూసేవాళ్లు ఒక గదిలో, బోర్డులు రాసేవాళ్లు ఇంకో గదిలో ఉంటే ఈ పని జరగదు.

ఫోన్‌లో మ్యాప్ ఉండగా బోర్డు దేనికి అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. మన రోడ్ల మీద ఎక్కువ మంది నడిపేది టూవీలర్లు. వానలో, హెల్మెట్ అద్దం వెనక నుంచి, ఫోన్ చూస్తూ బండి నడపడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. సిటీ బస్సు డ్రైవరు ఫోన్ చూడకూడదు, చూడడు. చాలామంది ఆటో డ్రైవర్లు దారి ఫోన్‌లో వెతకరు, వాళ్లకు ఊరు తెలుసు, కానీ ఇవాళ ఏ రోడ్డు మూశారో తెలియదు. ఇంకో తేడా కూడా ఉంది. వాహనాలు ఆగిపోయాక ఆ సంగతి ఫోన్‌కు తెలుస్తుంది. సాయంత్రం నాలుగింటికి టివోలి, ప్లాజా మధ్య రోడ్డు మూయబోతున్నారని మూడున్నరకే చెప్పగలిగింది మూసేవాళ్లే. ట్యాంక్‌బండ్ మీద 2021లో ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపి జనానికి వదిలినప్పుడు, పిల్లలతో వచ్చినవాళ్లు ఎంత సంతోషించారో చూశాం. ఆ సంతోషానికి వెల ఇంకొకరు కవాడిగూడలో గంటసేపు ఇరుక్కుని చెల్లించకూడదు.

వాన సంగతి వేరే చెప్పాలి. హైదరాబాద్‌లో వాన అంటే 2020 అక్టోబరు 13 రాత్రిని మరిచిపోయినవాళ్లు ఉండరు. అంత పెద్ద వాన అక్కర్లేదు. ఒక గంట గట్టిగా కురిస్తే చాలు, రైలు వంతెనల కింద నీళ్లు నిలుస్తాయి. రసూల్‌పురా, రాణిగంజ్ వైపు నాలాలు పొంగుతాయి. వంతెన కింద నీటి మట్టం కొలిచే చిన్న సెన్సరు పెట్టి, దాన్ని మలుపుకు ముందున్న బోర్డుతో కలిపితే ఎవరూ మీట నొక్కకుండానే ‘వంతెన కింద నీళ్లు, వెళ్లవద్దు’ అని వెలుగుతుంది. ఇది పెద్ద ఖర్చున్న పని కాదు, కొత్త విద్య కాదు. లోతు తెలియక నీళ్లలోకి దిగిన బండి ఇంజిన్ ఆగిపోతే దాని వెనక ఎంత బారు నిలబడుతుందో మీకు తెలుసు. ఆ బారులో అంబులెన్స్ ఉండొచ్చు. ఒక వైపు గాంధీ ఆసుపత్రి, ఇంకో వైపు మినిస్టర్ రోడ్డు ఆసుపత్రులు ఉన్న ప్రాంతం ఇది.

ఇక రాత గురించి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇదే ముఖ్యం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి సెకనుకు 11 మీటర్లు కదులుతుంది. 80 మీటర్ల దూరం నుంచి బోర్డు చదవగలిగితే చేతిలో ఉండేది ఏడు సెకన్లు. అందులో సగం ముందు బండిని, పక్క బస్సును చూడడానికే పోతాయి. మిగిలిన మూడు సెకన్లలో నాలుగైదు మాటలు చదవగలం. బోనాల ప్రకటనలో ఉన్నట్టు మినిస్టర్ రోడ్డు, రసూల్‌పురా, సీటీఓ, వైఎంసీఏ, సెయింట్ జాన్స్ రోటరీ అని అన్నీ ఒకే బోర్డు మీద ఎక్కిస్తే ఎవరికీ అందదు. ఆ ప్రకటనను ముక్కలు చేసి ఏ ముక్క ఎక్కడ అవసరమో అక్కడే చూపాలి. రాణిగంజ్‌కు ముందు ‘స్టేషన్‌కు ఎడమకు’ అంటే చాలు. రసూల్‌పురా దగ్గర ‘స్టేషన్‌కు కుడికి’ అంటే చాలు. తర్వాతి మాట తర్వాతి మలుపు చెబుతుంది.

తెలుగు అక్షరం చూపాలంటే బోర్డు కూడా దానికి తగ్గట్టు ఉండాలి. ఇంగ్లిష్ పెద్ద అక్షరాన్ని ఏడు వరుసల దీపాల్లో చూపొచ్చు. తెలుగుకు పైన తలకట్టు, గుడి, ఏత్వం ఉంటాయి, కింద ఒత్తులు ఉంటాయి. ‘స్టేషన్’ అన్న మాటలో ‘స్టే’ ఒక్కటి రాయడానికే అక్షరం, పైన గుర్తు, కింద ఒత్తు అని మూడు వరుసలు కావాలి. ఏడు వరుసల పలక మీద అది మచ్చలా కనిపిస్తుంది. కాబట్టి బోర్డు కొనేటప్పుడే తెలుగు రాసి, వంద మీటర్ల దూరంలో ఒక డ్రైవరును నిలబెట్టి చదివించాలి. అతను తడుముకుంటే ఆ బోర్డు తీసుకోకూడదు. ఉర్దూకు కూడా ఇదే పరీక్ష పెట్టాలి. భాషలు మార్చి మార్చి చూపిస్తే తన భాష వచ్చేలోపు మనిషి బోర్డు దాటిపోతాడు. అందుకని వీలైనంత వరకు బొమ్మలతో చెప్పాలి. టోక్యో ఎక్స్‌ప్రెస్‌వేల మీద దారుల బొమ్మ గీసి, రద్దీ ఉన్న ముక్కను ఎర్రగా చూపిస్తారు. చదువు రానివాడికి కూడా అది అర్థమవుతుంది. మూసిన దారి మీద ఎర్ర గుణకారం గుర్తు, తెరిచిన దారి మీద బాణం, పక్కన రైలు బొమ్మ పెడితే బిహార్ నుంచి వచ్చిన లారీ డ్రైవరుకు, కర్ణాటక నుంచి వచ్చిన బస్సు డ్రైవరుకు ఒకేలా తెలుస్తుంది.

అన్నిటికంటే ముందు కావలసింది బోర్డు నిజం చెప్పడం. సభ అయిపోయి రోడ్డు తెరిచాక కూడా ‘మూసివేత’ అని వెలుగుతూ ఉంటే మరుసటి రోజు దాన్ని ఎవరూ నమ్మరు. 10 నిమిషాలు అని చెప్పి 30 నిమిషాలు పడితే రెండోసారి చూడరు. ప్రతి మాటకూ గడువు ఉండాలి. కంట్రోల్ రూములో ఎవరూ దాన్ని మళ్లీ ధ్రువీకరించకపోతే ఆ గడువు తీరగానే బోర్డు దానంతటదే ఆరిపోవాలి. అబద్ధం చెప్పే బోర్డు కంటే ఆరిపోయిన బోర్డు మేలు.

ఇంత చెప్పాక అసలు చిక్కు దగ్గరికి రావాలి. అది యంత్రాల్లో లేదు. సికింద్రాబాద్‌లో ఒక రోడ్డు నగరపాలక సంస్థది, దాని పక్క రోడ్డు కంటోన్మెంట్ బోర్డుది, ఆ తర్వాతిది సైన్యానిది, స్టేషన్ ముందు స్థలం రైల్వేది, పైన స్తంభాలు మెట్రోవి, కింద బస్సులు ఆర్టీసీవి. 2023 ఏప్రిల్ 8న స్టేషన్ పునర్నిర్మాణానికి శంకుస్థాపన అయింది. 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమైంది, కొన్ని రైళ్లు అక్కడికి మారాయి. ఇలాంటి మార్పు వచ్చినప్పుడల్లా సికింద్రాబాద్ వైపు వచ్చే ఆటోల బాట, క్యాబ్‌ల బాట మారుతుంది. ఏ వైపు ద్వారం ఈ వారం మూసి ఉందో రైల్వే చెప్పాలి. రాతిఫైల్, గురుద్వారా, బ్లూ సీ దగ్గర ఆగే బస్సుల్లో ఏవి మారాయో ఆర్టీసీ చెప్పాలి. వీళ్లందరూ తమకు ముందే తెలిసిన మూసివేతలను రోజూ ఒకే చోటికి, ఒకే గదికి పంపే పద్ధతి పెట్టాలి. ఆ గదిలో ప్రతి ఎనిమిది గంటల డ్యూటీకీ ఒక బాధ్యుడు ఉండాలి. సికింద్రాబాద్ రోడ్ల మీద తిరిగి చూసినవాడు అయితే ఇంకా మంచిది. బోర్డులు కొనడానికి టెండరు పిలవక ముందే ఈ పని జరగాలి. ఈ పద్ధతి లేకుండా వంద బోర్డులు పెట్టినా వాటి మీద మళ్లీ నినాదాలే వస్తాయి.

మొదట్లో ఎక్కువ బోర్డులు కూడా అక్కర్లేదు. ట్యాంక్‌బండ్ దిగే చోట, బేగంపేట నుంచి రసూల్‌పురా రాకముందు, తార్నాక నుంచి మెట్టుగూడ రాకముందు, తిరుమలగిరి దగ్గర, బోయిన్‌పల్లి నుంచి తాడ్‌బండ్ వచ్చే దారిలో, ఇలా దారి మార్చుకునే వీలు ఇంకా మిగిలి ఉన్న చోట్ల పెట్టాలి. కూడలిలో పెట్టిన బోర్డు అందంగా కనిపిస్తుంది, ఎవరికీ పనికిరాదు. అప్పటికే మనిషి ఇరుక్కుపోయి ఉంటాడు.

చివరగా, రాబోయే రోడ్ల గురించి ఒక విన్నపం. రక్షణ శాఖ భూములకు అనుమతి వచ్చాక, 2024 మార్చి 7న రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట వైపు, మార్చి 9న ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫామ్ వైపు ఎలివేటెడ్ కారిడార్లకు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. కొంపల్లి, అల్వాల్ వాళ్లు ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసిన పనులు ఇవి. పైకెక్కిన వాహనం తర్వాతి ర్యాంపు వచ్చేదాకా దిగలేదు. 2009లో ప్రారంభమైన 11 కిలోమీటర్లకు పైగా పొడవున్న పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక బండి చెడిపోతే ఏమవుతుందో దాని మీద వెళ్లేవాళ్లకు తెలుసు. సింగపూర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కే ముందే, కింది రోడ్డు మీదే, పైన ఎలా ఉందో బోర్డు చెబుతుంది. మన కారిడార్ల ర్యాంపులకు కూడా మూడు నాలుగు వందల మీటర్ల ముందే ఇలాంటి బోర్డులకు స్తంభం, కరెంటు, కేబుల్ డిజైన్‌లోనే పెట్టాలి. కాంక్రీటు పోశాక తవ్వి పెట్టడం కష్టం, ఖర్చు. ఇంజినీర్లకు, పోలీసు అధికారులకు, కంటోన్మెంట్ బోర్డుకు నేను చేసే విన్నపం ఇదే. శ్రోతలుగా మీరు చేయగలిగింది కూడా ఒకటి ఉంది. మీ దారిలో ఏ బోర్డు అయినా పాత సంగతి చూపిస్తుంటే చోటు, సమయం రాసి ట్రాఫిక్ పోలీసులకు పంపండి. మీ కాలనీ సంఘం సమావేశంలో ర్యాంపుల ముందు బోర్డుల సంగతి అడగండి. డిజైన్లు కాగితం మీద ఉన్నప్పుడు అడిగితేనే అవి మారతాయి.